యర్రాజి జ్యోతి 13.03 పరుగు రికార్డు ఎందుకు కాలేదు?

వైజాగ్ అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి, స్కూల్లో హర్డిల్స్ (అడ్డంగా పెట్టిన చట్రాల మీంచి దూకుతూ పరిగెత్తే పందెం) పరిగెడుతోంది. మంచం పక్కన గోడకి జ్యోతి ఫొటో అంటించుకుంది, మన వైజాగ్ అమ్మాయే కదా అని అదొక ధైర్యం దానికి. జ్యోతి 2020లోనే 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తినా జాతీయ రికార్డుగా తీసుకోలేదని నిన్న వాళ్ళ పీఈటీ సార్ చెప్పారట. "పరిగెత్తింది నిజమే కదమ్మా, మరి ఎందుకివ్వలేదు?" అని రాత్రి పడుకునేదాకా ఒకటే గొడవ. నాకేం చెప్పాలో తెలీలేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

పాత రన్నర్:
మేడమ్, అది కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన యూనివర్సిటీల మీట్. అక్కడ ఆమెకి డోప్ టెస్ట్ (నిషేధించిన మందులు వాడారా అని చూసే పరీక్ష) చేయలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి కూడా లేరు, అందుకని లెక్కలోకి రాలేదు. నాకు ఇంకా బాధనిపించేది రెండోసారి జరిగింది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 కొట్టింది, తీరా చూస్తే వెనకనుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లు. 2.0 దాటితే రికార్డు ఇవ్వరు. ఫినిష్ లైన్‌కి 50 మీటర్ల ఇవతల, ఒకటో లేన్ పక్కన మిషన్ పెట్టి, ఈ రేసుకి మొదటి 13 సెకన్ల గాలి కొలుస్తారు. ఆ 0.1 దగ్గర పోయింది!

నెల దాటిందో లేదో, మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. అనురాధా బిస్వాల్ పేరు మీద 2002 నుంచి ఉన్న 13.38 రికార్డు అలా చెరిగింది. అక్కణ్నుంచి 13.11, 13.04, అక్టోబర్‌లో బెంగళూరులో 12.82. 13 లోపు పరిగెత్తిన మొదటి భారతీయురాలు ఆమే.

హర్డిల్స్ పిచ్చి:
పాపకి ఇది కూడా చెప్పండి. పది హర్డిల్స్, ఒక్కోటి 84 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య 8.5 మీటర్లు, ఆ సందులో మూడే అడుగులు. పొడుగు కాళ్ళవాళ్ళకి అది ఇరుకు, అడుగు కాస్త సాగినా తర్వాతి హర్డిల్ మీదకి వెళ్ళిపోతారు, అందుకని చిన్నగా గబగబా వేయాలి. జ్యోతి పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని మొదట పసిగట్టింది స్కూల్లో టీచరే. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పనిచేసేవారు. ఆ ఇంటి నుంచి హైదరాబాద్, గుంటూరు, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ కోచింగ్ దాకా వచ్చింది.

రాత్రి డ్యూటీ:
చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్ వీడియో చూపించండి, 2023 అక్టోబర్ 1. పక్క లేన్‌లో చైనా అమ్మాయి గన్ కంటే ముందే కదిలింది, అది చూసి జ్యోతీ కదిలింది, అధికారులు ఇద్దర్నీ బయటికి పంపబోయారు. జ్యోతి ఏడవలేదు, తిరిగి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడి స్క్రీన్ చూపిస్తూ తన తప్పు లేదని వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. అంత టెన్షన్‌లో 12.91తో మూడో స్థానం, ఆ తర్వాత చైనా అమ్మాయిని డిస్‌క్వాలిఫై చేశాక కంచు వెండి అయింది. ఇప్పటికీ ఆ నిమిషం చూస్తే నా చేతులు వణుకుతాయి.

వైజాగ్ అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. పాపకి మొత్తం చదివి వినిపించాను. 2025లో దక్షిణ కొరియాలోని గుమీలో ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 12.96తో బంగారం గెలిచాక జ్యోతికి మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది, ఆ గాలి కొలిచే మిషన్ మా గ్రౌండ్‌లో ఉందా అని. సోమవారం సార్‌ని అడగాలి.