ఆమోసు కోపం పూజ మీదా, తాకట్టు మీదా?

మేడిచెట్టు:
మొన్న ఆదివారం మా పాస్టర్ గారు బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం 2వ అధ్యాయం చదివి, ‘విగ్రహారాధన మానండి’ అని ప్రసంగం ముగించారు. అక్కడున్నది అదేనా? బీదవాణ్ణి చెప్పుల జోడుకి అమ్మేశారనీ, తాకట్టు బట్టలు పరుచుకుని బలిపీఠాల దగ్గర పడుకున్నారనీ కదా ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దం, ఇశ్రాయేలులో రెండో యరొబాము రాజ్యం. రాజధాని షోమ్రోనులో ఉన్నోళ్ళకి దంతపు మంచాలు, లేనోళ్ళకి అప్పులు.

సీయోను స్వరం:
బ్రదర్, ‘బలిపీఠాల దగ్గర’ అన్న మాట మింగేయకండి. బేతేలు గుడిలో మొదటి యరొబాము రాజు పూజకి బంగారు దూడను నిలబెట్టినప్పుడే అంతా చెడింది. ప్రవక్తలేమీ కమ్యూనిస్టులు కారు.

మేడిచెట్టు:
మరి 1వ అధ్యాయంలో పొరుగువాళ్ళు దమస్కు, గాజాల సంగతేంటి? వాళ్ళ దేవుళ్ళ ఊసే ఎత్తలేదు ఆమోసు. ఇశ్రాయేలు ప్రాంతమైన గిలాదును ఇనుప పనిముట్లతో నూర్చారని ఒకళ్ళని, జనాన్ని చెరపట్టి ఎదోము దేశానికి అప్పగించారని ఇంకొకళ్ళని తిట్టాడు.

గోదారిగట్టు:
ఇద్దరూ ఒకే బైబిలు చదువుతున్నారా అసలు?

సీయోను స్వరం:
అదలా ఉంచండి. బట్ట తాకట్టు పెట్టుకోవడం ధర్మశాస్త్రంలో నేరం కాదు. నిర్గమకాండం 22 చూడండి. పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయాలి, అంతే.

పాతరాతలు:
ఇజ్రాయెల్ తీరంలోని మెసాద్ హషవ్యాహు అనే పాత కోటలో 1960లో రాతలున్న కుండపెంకు ఒకటి దొరికింది. క్రీ.పూ. 7వ శతాబ్దానిది. ఒక కోతకూలీ అధికారికి పెట్టుకున్న అర్జీ అది. నా పని నేను పూర్తి చేశాను, అయినా ఫలానావాడు నా బట్ట పట్టుకుపోయాడు, తోటి కూలీలే సాక్ష్యం, ఇప్పించండి అని మొర.

సీయోను స్వరం:
అది కూలి తగాదా అండీ. తాకట్టు కాదు.

మేడిచెట్టు:
తాకట్టే కావాలా? మా అమ్మ గొలుసు మా సంఘపెద్ద దగ్గర పెట్టాం, మూడు రూపాయల వడ్డీకి. నాన్న ఆస్పత్రిలో ఉండి వడ్డీ ఆగితే, గొలుసు ఇక మాది కాదన్నాడు. క్రిస్మస్ ఆరాధనలో ముందు వరుసలో ఆయన కోడలి మెడలో కనిపించింది. చర్చికి మైకు సెట్టు ఇచ్చిందీ ఆయనే. పాస్టర్ గారికి చెప్పుకుంటే, ఇంటి గొడవలు చర్చిలోకి తేవద్దన్నారు.

సీయోను స్వరం:
అలా చెప్పండి. నేనూ వడ్డీకిస్తాను. బ్యాంకు మొహం చూడనివాళ్ళకి అర్ధరాత్రి డబ్బులిచ్చేది ఎవరు? కూతురి పెళ్ళని పట్టుకెళ్ళినవాళ్ళు నన్ను చూసి సందు మారతారు. పాస్టర్ మమ్మల్ని నిలబెట్టి అందరి ముందూ కడిగేయాలా? అదేనా మీకు కావాల్సింది?

మేడిచెట్టు:
అవును, అదే. బేతేలు యాజకుడు అమజ్యా కూడా ఆమోసుని ఇలాగే తరిమాడు. ఇది రాజుగారి గుడి, యూదాకి పోయి అక్కడ ప్రవచించి బతుకు అన్నాడు. ఆమోసుకి మందలున్నాయి, మేడిపళ్ళ పనుంది, జీతం పోతుందన్న టెన్షన్ లేదు. మా పాస్టర్ గారి జీతం సంఘపెద్దల చేతిలో ఉంది.

గోదారిగట్టు:
అయితే వచ్చేవారం 8వ అధ్యాయం చదవమనండి, దొంగ తూకాల సంగతి.

సీయోను స్వరం:
చదవమనండి, ముందు వరుసలోనే కూర్చుంటాను. అప్పు తీసుకుని ఎగ్గొట్టేవాడు భక్తిహీనుడని 37వ కీర్తనలో ఉంది, అదీ చదవమనండి మరి.