క్లాంగ్ కంపైల్ చేస్తోంది, లింక్ దగ్గర ఆగిపోతోంది (కార్టెక్స్-ఎమ్4, ఓఎస్ లేదు)

లింకర్‌బాధితుడు:
ఒక కార్టెక్స్-ఎమ్4 (ఆర్మ్ మైక్రోకంట్రోలర్ కోర్) ఫర్మ్‌వేర్‌ని ఇన్నాళ్లూ జీసీసీ కంపైలర్‌తో బిల్డ్ చేశా, ఇప్పుడు క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌కి మారుద్దామని కూర్చున్నా. ఆబ్జెక్ట్ ఫైల్స్ ఒక్క వార్నింగ్ లేకుండా వచ్చేశాయి, తీరా వాటిని కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా లింక్ చేయబోతే ఏఈఏబీఐ యూఎల్‌డివ్‌మాడ్ అనే ఫంక్షన్ దొరకట్లేదంటోంది. కోడ్ మొత్తం గాలించా, నేనెక్కడా దాన్ని పిలవలేదు. నోస్టడ్‌లిబ్ ఫ్లాగ్ (స్టాండర్డ్ లైబ్రరీలు వాటంతటవే కలపొద్దని చెప్పేది) అప్పుడూ ఉంది ఇప్పుడూ ఉంది. టార్గెట్ మారిస్తే చాలు క్లాంగ్ దేనికైనా పనిచేస్తుంది అన్నారు కదా, మరి ఇదేంటి?

స్టాక్‌పాయింటర్:
మీరు పిలవలేదు, కంపైలరే పిలిచింది. ఎక్కడో 64 బిట్ల భాగహారం ఉండుంటుంది, మిల్లీసెకన్ల లెక్క లాంటిది చూడండి. ఎమ్4కి 32 బిట్ల డివైడ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంది గానీ 64కి లేదు, అందుకే లైబ్రరీ ఫంక్షన్‌కి కాల్ పెడుతుంది (ఎమ్0 అయితే 32కి కూడా లేదు, ఇంకా ముందే దొరికిపోయేవారు). జీసీసీ వైపు అది లిబ్‌జీసీసీ అనే దాని సొంత సహాయక లైబ్రరీలో ఉంటుంది. నోస్టడ్‌లిబ్ పెడితే అదీ పోతుంది, మీ పాత మేక్‌ఫైల్ చివర్లో ఎల్‌జీసీసీ అని (లిబ్‌జీసీసీని కలపమనే ఫ్లాగ్) ఉందేమో చూడండి. క్లాంగ్‌లో ఆ పని కంపైలర్-ఆర్‌టీ బిల్టిన్స్ చేస్తాయి, కానీ మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకుంటే మన పీసీకి కావల్సినవే వస్తాయి, ఎమ్4వి రావు. కోడ్ పుట్టించడంలో క్లాంగ్‌కి లోటు లేదండీ, పక్కన ఉండాల్సిన సరంజామానే లేదు.

లింకర్‌బాధితుడు:
ఎల్‌జీసీసీ ఉందండీ! క్లాంగ్‌కి ఆ లైబ్రరీ ఎక్కడుందో తెలియక గోల పెడుతోందని నేనే తీసేశా 😅

స్టాక్‌పాయింటర్:
ప్రస్తుతానికి పాత జీసీసీనే అవే సీపీయూ, ఫ్లోట్ ఫ్లాగ్స్‌తో లిబ్‌జీసీసీ పాత్ అడిగి ఆ ఫైల్‌ని లింక్‌కి ఇచ్చేయండి. ఫ్లాగ్స్ మాత్రం తేడా రాకూడదు, హార్డ్ ఫ్లోట్ (దశాంశ లెక్కలు చిప్‌లోని ఎఫ్‌పీయూ యూనిట్‌కి వదిలేసే) కోడ్‌కి సాఫ్ట్ ఫ్లోట్ (అవే లెక్కలు సాఫ్ట్‌వేర్‌తో చేసే) లైబ్రరీ తగిలిస్తే లింకర్ ఒప్పుకోదు. ఇలా ఒక్కో కాంబినేషన్‌కి ఒక్కో లైబ్రరీ ఉండాలి, అందులోంచి సరైనది ఏరుకోవడమే మల్టీలిబ్. జీసీసీలో ఇది ఎప్పట్నుంచో ఉంది, క్లాంగ్‌లో బేర్‌మెటల్ (ఓఎస్ లేని బోర్డ్) కోసం యామల్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో రాసుకునే పద్ధతి క్లాంగ్ మాతృ ప్రాజెక్ట్ ఎల్‌ఎల్‌వీఎమ్ 17తో వచ్చింది. ఆర్మ్ వాళ్లు క్లాంగ్, ఎల్‌ఎల్‌డీ (లింకర్), పికోలిబ్‌సీ (చిన్న సీ లైబ్రరీ) కలిపి ఇచ్చే టూల్‌చెయిన్ దించుకుంటే ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

రీసెట్‌వెక్టర్:
ఇంకోటి, ఫ్రీస్టాండింగ్ ఫ్లాగ్ (పూర్తి స్టాండర్డ్ లైబ్రరీ లేదని కంపైలర్‌కి చెప్పేది) పెట్టినా మెమ్‌కాపీ, మెమ్‌సెట్, మెమ్‌మూవ్, మెమ్‌కంపేర్ నాలుగూ మనమే ఇవ్వాలి, స్ట్రక్చర్ కాపీ చేసినా కాల్ రావచ్చు. ఓసారి నేనే మెమ్‌సెట్ రాస్తే పాత కంపైలర్ ఆ లూప్ చూసి, ఇది మెమ్‌సెట్టే కదా అని మళ్లీ దానికే కాల్ పెట్టింది, స్టాక్ నిండి బోర్డ్ చచ్చిపోయేది, రెండ్రోజులు హార్డ్‌వేర్‌ని తిట్టుకున్నా. ఆ ఫైల్‌కి మాత్రం ఇలా లూప్‌లని కాల్స్‌గా మార్చే లూప్ డిస్ట్రిబ్యూట్ ప్యాటర్న్స్ ఆప్టిమైజేషన్ ఆపితే సరిపోయింది.

లింకర్‌బాధితుడు:
లింక్ అయింది! కానీ పనిలో పని అని హార్డ్ ఫ్లోట్‌కి మారా, మొదటి ఫ్లోట్ లెక్క దగ్గరే హార్డ్‌ఫాల్ట్ (ప్రాసెసర్ ఎర్రర్‌తో ఆగిపోవడం).

రీసెట్‌వెక్టర్:
రీసెట్ తర్వాత ఎఫ్‌పీయూ ఆఫ్‌లో ఉంటుంది. స్టార్టప్ కోడ్‌లో, మెయిన్ కంటే ముందే, ఎఫ్‌పీయూని అనుమతించే సీపీఏసీఆర్ రిజిస్టర్‌లో 20 నుంచి 23 దాకా బిట్లు సెట్ చేసి, ఆ మార్పు అమలయ్యాకే ముందుకెళ్లేలా బ్యారియర్ ఇన్‌స్ట్రక్షన్లు పెట్టండి.

లింకర్‌బాధితుడు:
అదే. ఎల్‌ఈడీ వెలిగింది.