విశాలాంధ్ర పేపరు ఎలా పుట్టింది, తెలిసినవాళ్లు చెప్పండి

రాయగడ అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది రాయగడ. మా తాత జేకేపూర్ పేపర్ మిల్లులో చేసేవాడు. ఆయన పోయాక ట్రంకుపెట్టె తీస్తే అడుగున పాత విశాలాంధ్ర పేపర్లు, తాడుతో కట్టి ఉన్నాయి. అవి పార్వతీపురం వైపు నుంచి రైల్లో వచ్చేవంట, ఒక్కోరోజు మర్నాటికి గానీ అందేవి కాదంట, అయినా సాయంత్రం అరుగు మీద కూర్చుని చదువు రానివాళ్లకి పైకి చదివి వినిపించేవాడని నాన్నమ్మ చెప్తుంది. నాది ఒడియా మీడియం, తెలుగు ఇంట్లోనే కూడబలుక్కుని నేర్చుకున్నా. ఈ పేపరు ఎవరు పెట్టారు? ఒడిశాలో ఉండి ఆ పేరున్న పేపరంటే తాతకి అంత ప్రేమ ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, ఆ కట్ట మాత్రం పారెయ్యకు. విశాలాంధ్ర 1952 జూన్ 22న విజయవాడలో మొదలైంది. దానికి ముందు కమ్యూనిస్టుల పేపరు ప్రజాశక్తి ఉండేది, 1942లో వారపత్రికగా మొదలై తర్వాత దినపత్రికైంది, 1948లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డప్పుడు అదీ ఆగిపోయింది. నాయకులు కొందరు జైల్లో, కొందరు అజ్ఞాతంలో. అయినా 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులకి 40కి పైగా సీట్లొచ్చాయి. అన్ని ఓట్లేసిన జనానికి తమ మాట చెప్పే రోజువారీ పేపరు లేదు. జనం విరాళాలిచ్చి పేపరు నిలబెట్టారు, వెనక ఏ షావుకారూ లేడు. మొదటి సంపాదకుడు మద్దుకూరి చంద్రశేఖరరావు గారు, చంద్రం అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది, విజయవాడలో చంద్రం బిల్డింగ్స్ ఆయన పేరు మీదవే.

ఇక పేరు సంగతి. విశాలాంధ్ర అంటే తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే రాష్ట్రం. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, అది 1953 అక్టోబర్ 1న వచ్చింది, హైదరాబాద్ వైపు తెలుగువాళ్లు కలిసింది 1956 నవంబర్ 1న. పేపరు మాత్రం నాలుగేళ్ల ముందే ఆ పేరు నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. మన పర్లాకిమిడీ, మీ రాయగడా 1936లోనే ఒడిశాలోకి వచ్చేశాయి, ఆ విశాలాంధ్రలో మనకి చోటు దక్కలేదు. అయినా మా నాన్నగారు ఆ పేరు పలికేటప్పుడు గొంతు మారిపోయేది.

గుణుపురం అక్క:
మాస్టారూ, పుస్తకాల సంగతి వదిలేశారు. 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయం కూడా పెట్టారు. వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లమ్మట తిరిగేది, నేను చిన్నప్పుడు పార్వతీపురంలో ఆ వ్యాను దగ్గర రష్యా పిల్లల పుస్తకాలు కొనుక్కున్నాను, మంచి కాగితం, రంగుల బొమ్మలు, ధర చాలా తక్కువ, మా అమ్మ కూరగాయల డబ్బుల్లోంచి ఇచ్చేది. తెలుగు బడి లేని ఊరికి అలా చేరింది తెలుగు.

బరంపురం వాసి:
అది పార్టీ పేపరు కదండీ, అన్నీ నమ్మొచ్చంటారా?

పర్లాకిమిడి మాస్టారు:
పార్టీ పేపరే, ఏనాడూ దాచుకోలేదు. ఏ వార్త ఎవరి వైపు నిలబడి రాస్తున్నారో చదివేవాడికి తెలిసేది, నాకు నచ్చింది అదే. లోపాలు లేవనను, ఉపన్యాసాలకి చాలా జాగా పోయేది. కానీ కౌలు రైతు, కూలి రేటు, మిల్లు సమ్మె అందులో మొదటి పేజీకి ఎక్కేవి. 1955 ఎన్నికల్లో పార్టీ 15 సీట్లకి పడిపోయినా పేపరు ఆగలేదు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐ దగ్గరే ఉండిపోయింది, రెండో వైపు వాళ్లు, అంటే సీపీఎం, 1981లో ప్రజాశక్తిని మళ్లీ దినపత్రికగా తెచ్చారు. విశాలాంధ్రకి రాఘవాచారి గారు ముప్పై ఏళ్లకి పైగా సంపాదకుడిగా ఉన్నారు, ఆయన సంపాదకీయాలు నేను క్లాసులో చదివించేవాడిని, తెలుగు వాక్యం ఎలా నడవాలో పిల్లలకి తెలియడానికి. నీ కట్టలో అవి ఉన్నాయేమో చూడు బాబూ.

రాయగడ అబ్బాయి:
ధన్యవాదాలు మాస్టారూ, అక్కా. ఈ ఆదివారం కట్ట విప్పి ఒక్కో తారీఖూ రాసుకుంటాను. కొన్ని పేజీల అంచుల్లో పెన్సిల్‌తో పేర్లున్నాయి, మొదట్లో అర్థం కాలేదు. నాన్నమ్మని అడిగితే, చదివింపు వినడానికి వచ్చేవాళ్ల పేర్లంట.