ఇంటి కొలిమిలో కరిగించిన బంగారాన్ని ‘పుటం పెట్టిన బంగారం’ అనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వాగు ఇసుక కడిగి బంగారు రజను ఏరుకునేవాళ్లు దాన్ని సొంత కొలిమిలో కరిగించి కడ్డీలు పోసుకోవడం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ‘రజనును ఇంటి కొలిమిలో పుటం పెట్టి కడ్డీలు చేస్తారు’ అని రాశాను. చదివిన ఒకాయన ‘పుటం’ తప్పు, ‘కరిగించి’ అనాలి అన్నారు. రెండూ నిప్పులో పెట్టడమే కదండీ? ఇంకో సందేహం. మూస అంటే కరిగించే పాత్రా, పోసే అచ్చా? వ్యాసం పంపే గడువు దగ్గర పడింది, కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఆయన మాటే సరైనదండి. పుటం అనగానే మనకు నిప్పు గుర్తొస్తుంది గానీ ఆ మాటలో నిప్పు లేదు. పుటం అంటే దొప్ప, మడత, మూసుకున్న గుల్ల. కర్ణపుటం, నాసాపుటం, సంపుటం అన్నిటిలోనూ ఉన్నది అదే. భస్మాలు చేసేవాళ్లు రెండు మట్టి మూకుళ్లను నోటికి నోరు ఆనించి, సందులకు మట్టి మెత్తి, పిడకల మధ్య కాలుస్తారే, అదీ పుటం పెట్టడం. అందులో పదార్థాన్ని కరిగించి పోయడం ఉండదు.

బంగారానికి పెట్టే పుటమూ ఆ తీరుదే. బంగారాన్ని పలచటి రేకులుగా సాగగొట్టి, ఉప్పు, ఇటుకపొడి మధ్య పేర్చి, మూత పెట్టి గంటల తరబడి కాలుస్తారు. బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పుటంలో వేడి అంతకంటే బాగా తక్కువ ఉండాలి, రేకు రేకుగానే మిగలాలి. ఆ వేడికి ఉప్పులోని క్లోరిన్ వెండిని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా మారుస్తుంది, దాన్ని ఇటుకపొడి పీల్చుకుంటుంది. బంగారం మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఇప్పటి టర్కీలో ఉన్న పాతకాలపు లిడియా రాజ్యానికి రాజధాని సార్డిస్‌లో తవ్వకాల్లో బయటపడిన క్రీ.పూ. 6వ శతాబ్దపు పనిశాలలో జరిగిందీ ఇదే పని. పుటం నుంచి తీశాక వన్నె, అంటే బంగారం స్వచ్ఛత, పెరుగుతుంది. మేలిమి అయ్యేది అక్కడ.

కరిగిస్తే వన్నె పెరగదు. వాగు బంగారంలో ఎప్పుడూ ఎంతో కొంత వెండి ఉంటుంది. నూటికి ఐదు నుంచి ఇరవై పాళ్లు ఉండటం మామూలే, అంతకన్నా ఎక్కువ ఉన్నదీ దొరుకుతుంది. కొలిమిలో ఆ వెండి ఎక్కడికీ పోదు, బంగారంతో కలిసి కరిగి, కలిసే గడ్డకడుతుంది. నూటికి 85 పాళ్ల బంగారమున్న రజను కరిగిస్తే వచ్చే కడ్డీ కూడా ఇంచుమించు 85 పాళ్లదే. పోయేదల్లా ఇసుక, దాంతో వచ్చిన నల్ల ఇసుక. కాబట్టి మీ వాక్యంలో ‘పుటం పెట్టి’ అని ఉంటే, ఇంట్లో పోసుకున్న కడ్డీ శుద్ధమైన బంగారమని పాఠకుడు నమ్ముతాడు. అది అమ్మబోయిన రోజు గీటురాయి వేరే మాట చెబుతుంది.

ఇంకొక జవాబు:
ఒక్క చిన్న అభ్యంతరం, గురువుగారూ. జనం నోట ‘పుటం పెట్టడం’ అంటే నిప్పులో కాల్చి శుద్ధి చేయడమని ఎప్పుడో స్థిరపడిపోయింది. ‘కష్టాల కొలిమిలో పుటం పెట్టిన మనిషి’ అని రోజూ రాస్తున్నాం. దొప్ప అనే అర్థం ఎవరికి గుర్తుంది చెప్పండి?

మొదటి జవాబు రాసినవారు:
మనిషి గురించి రాసేటప్పుడు నాకేం అభ్యంతరం లేదండి. అక్కడ పుటం అలంకారం, ఎంత దూరమైనా సాగుతుంది. కానీ ఈయన రాస్తున్నది పని గురించి. పనిలో రెండు వేర్వేరు పద్ధతులకు రెండు వేర్వేరు మాటలు ఉన్నప్పుడు ఒకదాన్ని ఇంకోదాని మీద రుద్దితే చదివేవాడు మోసపోతాడు.

మూస గురించి కూడా చెబుతాను. మూస అసలు అర్థం కరిగించే పాత్రే, సంస్కృతంలో మూష. పోసే అచ్చు అనే అర్థం కూడా బాగా వాడుకలో ఉంది. ‘ఒకే మూసలో పోసినట్టు’, ‘మూస కథలు’ అందులోంచి వచ్చినవే. మీ వ్యాసంలో రెండు వస్తువులూ పక్కపక్కనే ఉంటాయి. అందుకని పాత్రకు మూస, పోసేదానికి అచ్చు అనండి, గొడవ ఉండదు. మూస ఎక్కువగా గ్రాఫైట్ కలిపిన మట్టిది. కొత్తదాన్ని మెల్లగా వేడి చేసి తేమ పోగొట్టి, లోపల వెలిగారం (బోరాక్స్) పూత గాజులా పరుచుకునేలా కాల్చాకే బంగారం వేస్తారు, లేకపోతే చిన్న చిన్న పూసలు గోడ గరుకులో ఇరుక్కుంటాయి. అచ్చును కూడా ముందే వేడి చేయాలి. అందులో నీటి చెమ్మ ఉంటే ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఈ ముక్క వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

మరొకరు:
వెలిగారం మాట వచ్చింది కాబట్టి: వెలి అంటే తెల్లని, వెలిదామరలో ఉన్నదే. సంస్కృతంలో దీన్ని టంకణం అంటారు. టంకం వేసేటప్పుడు వాడేది కూడా ఇదే మరి. కొలిమిలో దీని పని ఏమిటంటే, సుమారు 743 డిగ్రీలకు కరిగి ఇసుకనూ ఇనుప తుప్పునూ తనలో కలుపుకుంటుంది. బంగారం నీటికి 19 రెట్లు బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, వెలిగారం ఆ మలినాలతో కలిసి చిట్టెంగా పైన తేలుతుంది. చల్లారాక సుత్తితో కొడితే గాజులా పగిలి ఊడిపోతుంది. చిట్టెం మరీ చిక్కగా ఉంటే బంగారు పూసలు అందులోనే ఆగిపోతాయి. అలాంటప్పుడు దాన్ని నూరి మళ్లీ కడుక్కోవాలి. ఇదంతా ఎందుకంటే, ‘కరిగిస్తే తరుగు పోయింది’ అని చాలామంది అంటారు. పోయింది బంగారం కాదు, ముందు తూకంలో కలిసిన ఇసుక. అయస్కాంతంతో నల్ల ఇసుకను ముందే చాలావరకు లాగేస్తే తరుగు అనే మాటే తగ్గుతుంది.

అడిగినవారు:
ఎంత ఓపిగ్గా చెప్పారండీ! మరి కడ్డీ సరేనా? పత్రికల్లో బిస్కెట్ అంటారు.

జవాబు:
అచ్చులో పోసి పొడుగ్గా వస్తే కడ్డీ. మూసలోనే చల్లారిపోతే అది ముద్ద, కడ్డీ అనకండి. బిస్కెట్ పలచగా, నలుచదరంగా ఉండి ముద్ర పడినదానికి బాగుంటుంది, దొంగ రవాణా వార్తలకు మరీ బాగుంటుంది. ఇంకొక మాట. రజనును పాదరసంతో ముద్ద చేసి పట్టేవాళ్లున్నారు. ఆ ముద్దను నేరుగా కొలిమిలో పెడతారని మాత్రం రాయకండి. పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది, ఆ ఆవిరి పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అడిగినవారు:
వాక్యం ఇలా మార్చాను: ‘ఏరిన రజనును వెలిగారంతో కలిపి ఇంటి కొలిమిలో మూసలో కరిగించి, వేడి చేసిన అచ్చులో కడ్డీగా పోస్తారు. వన్నె మాత్రం వాగులో ఉన్నదే.’

మరొకరు:
బాగుందండి. ‘ఇంటి కొలిమి’ మాత్రం తీసేయండి, గదిలో పెట్టుకున్నారనుకుంటారు. బొగ్గు మండినా గ్యాస్ మండినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ‘ఆరుబయట సొంతంగా కట్టుకున్న కొలిమి’ అనండి.