దిగులు లేకుండా కూడా టకోట్సుబో వస్తుందా?

సందేహి:
ఆప్తులు పోయినప్పుడో, పెద్ద షాక్ తగిలినప్పుడో గుండె కండరం డీలాపడటమే టకోట్సుబో అని ఎక్కడ చూసినా రాస్తారు. మరి ఆస్తమా ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ల రిపోర్టుల్లోనూ ఇదే పేరు కనిపిస్తుందేం? నెబ్యులైజర్ మందుకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఐసీయూ_నైట్:
దిగులుకి అనవసరంగా ఎక్కువ పేరొచ్చిందండీ. 2015లో వెలువడిన 1,750 మంది రోగుల అంతర్జాతీయ రిజిస్ట్రీలో శారీరక కారణాలు 36 శాతం, మానసికమైనవి 28 శాతం. ఇంచుమించు మరో 28 శాతం మందిలో ఏ కారణమూ దొరకలేదు. ఊపిరాడకపోవడం, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినడం), ఎముక విరగడం, ఆపరేషన్, మెదడులో రక్తస్రావం, ఫిట్స్, ఏదైనా చాలు. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అందులోనూ ఎక్కువగా మెనోపాజ్ దాటినవాళ్లు. మగవాళ్లకి వస్తే మాత్రం వెనక శారీరక జబ్బు ఉండే అవకాశం ఎక్కువ.

ఆస్తమాలో రెండూ కలుస్తాయి. ఊపిరాడక ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, దానిమీద నెబ్యులైజర్‌లో ఇచ్చే సాల్బ్యుటమాల్ పడుతుంది, అదీ అడ్రినలిన్ లాగే పనిచేసే మందే. అలాగని భయపడి నెబ్యులైజర్ మానేస్తే ఆయాసం పెరిగి అడ్రినలిన్ ఇంకా ఎక్కువవుతుంది. డోసు సంగతి డాక్టరే చూడాలి.

ఎకోరూమ్:
అడ్రినలిన్‌కి స్పందించే బీటా-2 గ్రాహకాలు గుండె కొన దగ్గర ఎక్కువని, మోతాదు మించితే అవే కండరాన్ని కుంగదీస్తాయని ఒక బలమైన వాదన. సన్న రక్తనాళాలు బిగుసుకోవడం కూడా తోడవుతుంది. ఎకోలో (గుండె స్కాన్‌లో) కొన బుడగలా ఉబ్బి కదలదు, దానికి అవతలి చివరైన మొదలు భాగం మాత్రం అతిగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం వల్ల కొందరిలో రక్తం బయటికెళ్లే దారే ఇరుకవుతుంది. అప్పుడు బీపీ పడిపోయిందని, గుండెని ఇంకా గట్టిగా ముడుచుకునేలా చేసే డోబ్యుటమిన్ ఎక్కిస్తే ఇంకా దిగజారుతుంది. ముందు ఎకో చూడాల్సింది అందుకే.

సందేహి:
కారణం తెలిశాక కూడా యాంజియో తప్పదా?

ఐసీయూ_నైట్:
దాదాపు తప్పదు. ఈసీజీ గుండెపోటులాగే ఉంటుంది. రక్తపరీక్షలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) కొంచెమే పెరిగి, బీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పడితే పెరిగేది) బాగా ఎక్కువుంటే అనుమానం ఇటు మొగ్గుతుంది, అంతే. కారణం తెలిసినంత మాత్రాన రక్తనాళంలో అడ్డు లేదని చెప్పలేం.

ఎకోరూమ్:
ఇంకోటి. బీపీ ఉన్నట్టుండి ఎగబాకడం, చెమటలు, తలనొప్పి కలిసి వస్తుంటే, లేదా జబ్బు తిరగబెడితే, అడ్రినల్ గ్రంథి కణితి కోసం మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ విరిగితే వచ్చే పదార్థాల) పరీక్ష చేయించాలి. మొదటి రోజుల్లో ఈసీజీలో క్యూటీ (గుండె కొట్టుకుని మళ్లీ తేరుకునే సమయం) సాగుతుంది కాబట్టి, దాన్ని ఇంకా సాగదీసే అజిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఒండాన్‌సెట్రాన్ (వాంతుల మందు) లాంటివి ఇచ్చేముందు ఆ రోజు ఈసీజీ చూసుకోవాలి. ఛాతీ ఇన్ఫెక్షన్‌తో వచ్చినవాళ్లకి అజిత్రోమైసిన్ అలవాటుగా రాసేస్తుంటారు, తేడా వచ్చేది అక్కడే.