వలలో చిక్కిన పాము: కొండచిలువ పిల్లా, రక్తపింజరా?

కాలువగట్టు:
మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మాకు రెండెకరాలుంది. అడవిపందులు దిగకుండా కూరగాయల మడి చుట్టూ పాత చేపల వల కట్టాం. పొద్దున మోటారు వేద్దామని పోతే వలలో పాము. నాలుగడుగులుంటుంది, టార్చిలైటు పిడి అంత లావు. లేత గోధుమ రంగు మీద ముదురు మచ్చలు. నాన్న చూడగానే "పింజరరా, దూరం జరుగు" అని కర్ర తీశారు. నేనే ఆపాను, ఎందుకంటే నూనె రాసినట్టు మెరుస్తోంది, పింజర ఎప్పుడూ అలా మెరవగా చూడలేదు. పక్క చేను బాబాయి కొండచిలువ పిల్ల అంటున్నాడు. మా తమ్ముడు ఏదో వీడియో చూసి బర్మా కొండచిలువ అని తేల్చేశాడు. దూరం నుంచి జూమ్ చేసి నాలుగు ఫొటోలు తీసి పెట్టాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోనెసంచి:
తమ్ముడూ, కర్ర ఆపావు చూడు, ముందు దానికి దండం. రెండో ఫొటో చూడగానే తెలిసిపోయింది, కొండచిలువే. ఖమ్మం వైపు పదకొండేళ్లుగా పాములు పడుతున్నాను. వచ్చే ఫోన్లలో ఎక్కువ గొడవ ఈ రెంటి మధ్యే.

రక్తపింజర మచ్చలు అచ్చు గుద్దినట్టుంటాయి. వీపు మీద ఒక వరస, అటూ ఇటూ ఒక్కో వరస, గుండ్రంగా గొలుసు పేర్చినట్టు. ఒక్కో మచ్చకీ నల్లటి అంచు ఉంటుంది. నీ పాముకి చూడు, చిరిగిన గుడ్డ ముక్కలు అతికించినట్టున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు కలిసిపోయాయి కూడా. మెరుపు సంగతి నువ్వు సరిగ్గానే పట్టావు. పింజర పొలుసు మధ్యలో గీరలా లేచి ఉంటుంది, అందుకే ఒళ్లు గరుకుగా, మట్టిగొట్టుకున్నట్టు కనబడుతుంది. కొండచిలువది నున్నటి పొలుసు.

మూడో ఫొటోలో మూతి పెద్దది చేసి చూడు. పై పెదవి ముందు భాగంలో సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. ఎలుక ఒంటి వేడిని చీకట్లో వాటితోనే పసిగడుతుంది. రక్తపింజరకి అవి ఉండవు. దాని తల నిండా బియ్యపు గింజల్లాంటి చిన్న పొలుసులే.

"తల త్రికోణంగా ఉంటే విషప్పాము" అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నమ్మొద్దు. కొండచిలువ తలా అలాగే ఉంటుంది, కంటిపాప కూడా నిలువు గీతే. బుస కొట్టడం చూసి కూడా తేల్చలేం. కొత్తలో నేను ఇసుక బోవా అనే పొట్టి తోక, విషం లేని పాముని పట్టి కొండచిలువ పిల్లని అందరికీ చూపించాను, ఇప్పటికీ మావాళ్లు ఎగతాళి చేస్తారు.

కొండచిలువకి విషం లేదు కానీ పళ్లు లోపలికి వంగి ఉంటాయి, కరిస్తే చెయ్యి లాక్కోకు, చీరుకుపోతుంది. వల నువ్వు కొయ్యకు. మీద తడి గోనెసంచి కప్పి అటవీశాఖకి ఫోన్ చెయ్యి. 1972 వన్యప్రాణి చట్టంలో కొండచిలువ షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది, చంపితే కేసు.

బ్రహ్మపుత్ర_ఒడ్డు:
బర్మా సంగతి నేను చెప్తాను. సొంతూరు పార్వతీపురం, ఉద్యోగం అస్సాంలోని తేజ్‌పూర్‌లో. ఈశాన్యంలో ఉండేది ఆ బర్మా రకమే. పాత పుస్తకాల్లో మన వైపు కొండచిలువ, బర్మాది రెండూ ఒకే జాతిలో ఉపజాతులు, 2009లో విడదీశారు. బర్మాది ముదురు రంగు, తల మీద బాణం గుర్తు మూతి దాకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. మనదాంట్లో ఆ బాణం ముందుకొచ్చేసరికి మాసిపోతుంది, తల పక్కన కాస్త గులాబీ ఛాయ. అయినా రంగుని ఎక్కువ నమ్మను, కుబుసం విడిచే ముందు ఏ పామైనా మసకబారుతుంది. కంటి కింద చూడండి. పై పెదవి పొలుసుల్లో ఒకటి నేరుగా కంటిని తాకితే మనది. మధ్యలో చిన్న పొలుసుల వరస అడ్డం ఉంటే బర్మాది.

కాలువగట్టు:
నాలుగో ఫొటో బాగా జూమ్ చేశాం. పొలుసు కంటికి తాకుతోంది, బాణం ముందు సగం లేదు. తమ్ముడు ఒప్పుకున్నాడు, మొహం మాత్రం మాడ్చుకున్నాడు. పదిన్నరకి ఇద్దరు ఫారెస్టు వాళ్లొచ్చి చిన్న కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరించారు. మెడ దగ్గర తోలు కోసుకుపోయింది, డాక్టరుకి చూపించి వదులుతామన్నారు. వల మేం పీకేశాం. పందులకి ఇంకేదో ఆలోచించాలి.

గోనెసంచి అన్నా, ఇంకొక్కటి. పిల్ల ఉందంటే తల్లి ఇక్కడే ఎక్కడో ఉంటుందని నాన్న గట్టు దిగట్లేదు.

గోనెసంచి:
తల్లి గుడ్లని చుట్టుకుని పొదుగుతుంది, ఒళ్లు వణికించి వెచ్చబెడుతుంది కూడా. కానీ పిల్లలు బయటికొచ్చాక ఎవరి దారి వాళ్లది. పుట్టినప్పుడు రెండడుగుల లోపే ఉంటాయి. మీది నాలుగడుగులంటే ఎప్పుడో ఒంటరిగా బతకడం మొదలెట్టింది. నాన్నని మోటారు వేసుకోమను.