పల్లపు పెరట్లో బొమ్మ రైలు: గట్టు వెయ్యాలా, స్తంభాలు నిలపాలా?

అమలాపురం తోట:
ఇంటి వెనక కొబ్బరి తోటలో జి స్కేలు బొమ్మ రైలు వేద్దామనుకుంటున్నానండి, 45 మిల్లీమీటర్ల గేజి (పట్టాల మధ్య దూరం). ఇంటి దగ్గర మెరక, మురుగు బోదె వైపు 40 సెంటీమీటర్లు పల్లం. వానాకాలం అక్కడ నీళ్లు నిలబడతాయి. ఎండాకాలం నేల నెర్రెలిచ్చేస్తుంది. పల్లంలో మట్టి తోలించి గట్టు వెయ్యనా?

నర్సాపురం రిటైర్డు:
గట్టు వద్దండి. మన నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుస్తుంది. సిమెంటు పలక పోసినా పగులుతుంది. పీవీసీ పైపులు లోతుగా దించి, కాంక్రీటు నింపి, పైన నిచ్చెనలా పట్టీలు బిగించి పట్టాలు వెయ్యండి. ఎక్కడ కుంగితే అక్కడే ప్యాకింగ్ పెట్టుకోవచ్చు.

రావులపాలెం:
స్తంభాలెక్కిస్తే తోట రైలు అందమే పోతుంది. గట్టు మీద కంకర పరిస్తే చాలు, నేల కదిలినప్పుడు మళ్లీ పొడిచి లెవెల్ చేసుకోవచ్చు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు, 1940లో యుద్ధం కోసం పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ రైలు నడిచింది. డెల్టా నేల మీద రైలు ఆగదా?

నర్సాపురం రిటైర్డు:
కోటిపల్లి నుంచి ఆ లైను నర్సాపురం రావాలంటే గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి. వాటికి స్తంభాలే కదా? అయినా వాలు వందకి రెండు మించకూడదు. 40 సెంటీమీటర్లు దిగాలంటే 20 మీటర్లు కావాలి. మలుపులో ఇంకా తగ్గించాలి.

రావులపాలెం:
గట్టు వేసేదే లెవెల్ కోసం. ఇక వాలెక్కడిది?

కాట్రేనికోన:
కొబ్బరి మట్ట పడితే ఇంజను నుజ్జవుతుంది. చెట్ల కింద నుంచి తప్పించండి.

నర్సాపురం రిటైర్డు:
గట్టు పైభాగం 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలంటే అడుగున మీటరున్నర వెడల్పు పడుతుంది. అంత మట్టి నీళ్లకి అడ్డం!

రావులపాలెం:
బొమ్మ రైలుకి ఇంత రాద్ధాంతమా?

నర్సాపురం రిటైర్డు:
మా పక్క స్థలం వాళ్లు మెరక వేశాక ప్రతి వానకీ మా పెరడు చెరువే. నిమ్మ చెట్లు వేరు కుళ్లి పోయాయి. అడిగితే మా స్థలం మా ఇష్టం అన్నారు. ఈయన గట్టుకి ఎగువన ఎవరి ఇల్లుందో ముందు చెప్పమనండి.

రావులపాలెం:
పట్టాల గురించి అడిగితే మీ పక్కింటి తగాదా తెచ్చారు. తూములు పెడితే సరిపోతుంది.

నర్సాపురం రిటైర్డు:
ఆకూ పీచూ అడ్డం పడి ఒక్క వానకే పూడుతుంది. తీసేదెవరు?

అమలాపురం తోట:
ఎగువన మా పెదనాన్నగారి ఇల్లండి. వాళ్ల వాన నీళ్లు మా తోటలోంచే బోదెలోకి పోతాయి.

నర్సాపురం రిటైర్డు:
నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

రావులపాలెం:
మొదట్నుంచీ మీరన్నది బంకమట్టి గురించి. రెండు మీటర్లకో తూము పెట్టండి, నీళ్లాగవు. తన స్థలంలో మనిషి గట్టు వేసుకోకూడదంటే నేనొప్పుకోను.

నర్సాపురం రిటైర్డు:
నీళ్లకి మీ స్థలం, నా స్థలం ఉండదండి. తోట వారూ, పల్లంలో చెట్ల మొదళ్ల మీద నీటి మరక ఎంత ఎత్తుందో కొలిచి రాయండి. పైపులు ఎంత పైకి తీయాలో చెప్తాను.